వెనక రెండు స్పీకర్లు

ఆగస్టు 6, 2006. ఆదివారం

ముందున్న రెండు స్పీకర్లే మోగుతున్నాయి. మధ్యది మోగదు. సోఫా వెనక గోడకి బిగించినవి రెండూ మోగవు. నేల మీద పెట్టిన పెద్ద సబ్ ఊఫరూ మోగదు. జూన్‌లో చెన్నై వెళ్ళే రోజు ఆయన కంప్యూటర్‌లోంచి తన ఫైళ్ళన్నీ కాపీ చేసుకుని, మొత్తం తుడిచేసి, అన్నీ మళ్ళీ కొత్తగా ఎక్కించి ఇచ్చాడు. "నీకు నీట్‌గా ఉంటాది" అన్నాడు. అప్పటి నుంచీ ఇంతే.

మధ్యాహ్నం ఒక సినిమా డిస్క్ పెట్టి, ప్లేయర్ సెట్టింగ్స్‌లో ఆరు స్పీకర్లు అని నేనే మార్చాను. దాంతో ఉన్నది కూడా పోయింది. పాటలు వినబడుతున్నాయి, బస్సు హారన్లు వినబడుతున్నాయి, మనుషుల మాటలు మాత్రం లేవు. తల్లీ కొడుకూ ఎదురెదురుగా నిలబడి పెదవులు కదుపుతున్నారు. పావుగంట అలాగే చూశాను. కథ అర్థమవుతూనే ఉంది.

ఈ పుస్తకం బల్ల మీద వదిలేసినా భయం లేదు. ఆయన వాళ్ళు ఎన్ని వందల ఏళ్ళుగానో ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ అక్షరం చదవలేరు. మా శుభలేఖలో తెలుగు వైపు ఉన్నది ఆయనకి నేనే చదివి వినిపించాను.

ఆఫీసులో ఆయన ఎక్కడని అడిగితే ప్రాజెక్టు అని చెబుతున్నాను. యానాంలో అమ్మకీ అదే చెప్పాను. అబద్ధమేమీ కాదు. కొత్త ఉద్యోగం చెన్నైలోనే కదా. "కొన్నాళ్ళు విడిగా ఉండి చూస్తాం సుష్మీ" అన్నాడు, అంతే. విడిగా అంటే అక్కడ మంచి ఇల్లు దొరికే దాకా.

రేపు ఫోన్ చేసి స్పీకర్ల సంగతి అడుగుతాను. అది అడగడంలో తప్పేముంది.

ఆగస్టు 7. సోమవారం

నలభై నిమిషాలు మాట్లాడాడు.

ఈ రెండు నెలల్లో నేను చేసిన ఏ ఫోనూ రెండు నిమిషాలు దాటలేదు. తిన్నావా, తిన్నాను, అత్త బాగుందా, బాగుంది. ఈ రోజు స్పీకర్లు అనగానే గొంతే మారిపోయింది. లాస్‌పేట కాలేజీ ల్యాబ్‌లో పిల్లలకి నేర్పేటప్పటి గొంతు. సౌండ్ డ్రైవర్ ఎక్కించి ఉండనని, దాని సీడీ బీరువా కింది అరలో ఉంటుందని చెప్పాడు. నేను సీడీ వెతికి తెచ్చే దాకా ఫోన్ పెట్టకుండా ఆగాడు.

"అవసరపడొద్దు. మెల్లిగా చూడు. స్క్రీన్ కింద కుడిపక్క స్పీకరు బొమ్మ ఉండాదా?"

ఈ పాండిచ్చేరిలో అవసరమంటే తొందర, తమిళంలో లాగే. పెళ్ళైన కొత్తలో ఒకసారి "ఏం అవసరం లేదు సుష్మీ" అన్నాడని నేను గదిలోకి పోయి ఏడ్చాను, నాతో అవసరం లేదంటున్నాడేమో అనుకుని. నింపాదిగా ఉండమని ఆయన ఉద్దేశం. తర్వాత ఇద్దరం ఎంత నవ్వుకున్నామో.

డ్రైవర్ ఎక్కింది. కంప్యూటర్ ఆగి మళ్ళీ మొదలైంది. స్పీకర్లు మోగలేదు. పరవాలేదు, ఆదివారం చూద్దాం అన్నాడు. ఆదివారం అని ఆయనే అన్నాడు.

ఆగస్టు 9. బుధవారం

ఫోన్ చేయలేదు. రోజూ చేస్తే బాగుండదు.

ఆగస్టు 13. ఆదివారం

గంటా పది నిమిషాలు.

బల్ల కిందికి దూరి, ఒక చేత్తో టార్చి, ఇంకో చేత్తో ఫోన్. కంప్యూటర్ వెనక మూడు రంధ్రాలున్నాయి: పచ్చ, నీలం, గులాబీ. పచ్చ ముందు స్పీకర్లకి, నీలం వెనక వాటికి, గులాబీ మధ్య దానికీ సబ్ ఊఫర్‌కీ. పచ్చ తప్ప మిగతా రెండు వైర్లూ ఊడి కింద పడి ఉన్నాయి.

"నీలంది యాడ పెట్నావు?"

"నీలంలోనే."

"గులాబీది?"

"అది దుమ్ములో ఉంది. తుడుస్తున్నాను."

"చీరకి తుడిచేస్తివా?"

అవునన్నాను. నవ్వాడు. నేను చీర కొంగుతోనే అన్నీ తుడుస్తానని ఆయనకి ఇంకా గుర్తుంది.

గులాబీ వైరు పెట్టగానే మధ్య స్పీకర్‌లోంచి మాటలు వచ్చాయి. సినిమాలో తల్లి కొడుకుతో "అన్నం చల్లారిపోతోంది" అంటోందట. వారం క్రితం నేను ఇంకేదో పెద్ద మాట అనుకున్నాను.

వెనకవి మోగలేదు. ఎందుకో ఆలోచించి చెబుతానన్నాడు. ఇంకేమైనా ఉందా అని అడిగాను. ఏముంది, ఏం లేదు అన్నాడు.

ఆగస్టు 16. బుధవారం, సెలవు

అత్త అరియాంకుప్పం నుంచి బస్సెక్కి ఎండు చేపల కూర తెచ్చింది. కొడుకు నెల రోజులుగా తనకి ఫోన్ చేయలేదట.

"నీకు చేస్తా ఉండాడా?"

ఆదివారం గంటకి పైగా మాట్లాడాడని చెప్పాను. గొప్పగానే చెప్పానేమో. ఏం మాట్లాడాడు అంది. ఇంటి విషయాలు అన్నాను. ఆమె నా మొహంలోకి చూసింది. తర్వాత గిన్నె కడగడానికి లేచింది. నేను కడుగుతానన్నా వినలేదు.

ఆగస్టు 20. ఆదివారం

వచ్చేసింది.

నేనే చేశాను. ఉదయం ఆయన ఫోన్ ఎత్తలేదు, సరే ఒకసారి చూద్దామని కూర్చున్నాను. సౌండ్ సెట్టింగ్స్‌లో మూడు రంగుల గుండ్రాలు కనబడతాయి. నీలం దాన్ని నొక్కితే, ఇక్కడ ఏం తగిలించారు అని అడిగింది. లోపలికి శబ్దం వచ్చే తీగ అని ముందే టిక్కు పెట్టి ఉంది. దాన్ని తీసేసి వెనక స్పీకర్లు అని మార్చాను. అంతే. పరీక్ష బటన్ నొక్కితే బుస్సుమని ఒక శబ్దం ముందు ఎడమ నుంచి మధ్యకి, కుడికి, అక్కడి నుంచి నా వెనక్కి, ఒక్కో స్పీకర్ మీదుగా గది చుట్టూ తిరిగింది. నేను కూడా దాంతోపాటు తిరిగాను. జూన్ నుంచి ఇంత ఆనందం కలగలేదు.

తర్వాత సినిమా పెట్టాను. అందులో వాన మొదలైంది. నా వెనక పడింది. లేచి బాల్కనీ తలుపు తీశాను, బట్టలు తడుస్తాయని. మా నటేశన్ నగర్ అంతా ఎండ.

సాయంత్రం ఆయనే ఫోన్ చేశాడు. ఉదయం స్నానంలో ఉన్నాడట. "ఏమైంది, వెనకవి వచ్చినాయా?" అని అడిగాడు.

ఇంకా లేదన్నాను.

ఆగస్టు 21. సోమవారం

నిన్న అలా ఎందుకన్నానో తెలియదు. చెప్పేద్దామనే ఫోన్ తీశాను. చెప్పేస్తే తర్వాత ఏం మాట్లాడాలి?

బల్ల కింద దూరి నీలం వైరు పీకి, అప్పుడు ఫోన్ చేశాను. వెనకవి మోగడం లేదని చెప్పాను. అప్పుడు అవి నిజంగానే మోగడం లేదు.

ముప్పై ఐదు నిమిషాలు.

ఆగస్టు 27. ఆదివారం, వినాయక చవితి

వైరు ఎంత పొడవుంది, లోపల తెగిందేమో అని అడిగాడు. కొలిచి చెప్పాను. ఆంప్లిఫయర్ వెనక ఎరుపు, తెలుపు తారుమారయ్యాయేమో చూడమన్నాడు. చూశాను, అంటే చూసినట్టు కాసేపు ఆగి చెప్పాను. కుడుములు చేశాను, మీకు పంపనా అన్నాను. వద్దు సుష్మీ, పాడైపోతాయి అన్నాడు. యాభై నిమిషాలు.

ఫోన్ పెట్టేశాక వైరు మళ్ళీ పెట్టి వెనక స్పీకర్లు విన్నాను. మళ్ళీ పీకేశాను.

సెప్టెంబరు 3. ఆదివారం

మాట్లాడుతుంటే వెనక నుంచి ఒక ఆడగొంతు వినబడింది. గ్యాస్ ఆర్పేయనా అని తమిళంలో అడిగింది. ఆయన ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టాడు. తర్వాత, ఆఫీసులో ఉన్నాను అన్నాడు.

పెద్ద కంపెనీల్లో వంటగదులు ఉంటాయి. ఆదివారాలు కూడా పని ఉంటుంది.

సెప్టెంబరు 4. సోమవారం

ఉంటుంది.

సెప్టెంబరు 10. ఆదివారం

శనివారం వస్తానన్నాడు. నేను అడగలేదు. ఫోన్‌లో అయ్యేట్టు లేదు, నేనే వచ్చి చూస్తాను అన్నాడు. గొంతు ఎలాగో ఉంది. బస్సు ప్రయాణం తల్చుకుని కాబోలు.

సెప్టెంబరు 13. బుధవారం

కర్టెన్లు ఉతికాను. సోఫా పక్కకి జరిపి వెనకంతా తుడిచాను. ఆఫీసులో మణియమ్మ గారు, ఏంటి సుష్మితా మొహం కళకళలాడుతోంది అన్నారు. ప్రాజెక్టు అయిపోవచ్చింది అన్నాను.

సెప్టెంబరు 16. శనివారం

పదకొండుకి వచ్చాడు. జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నాడు, ఎవరో చెబితే చేయించుకున్నట్టు. కాఫీ తాగాడు. చేపల పులుసు మా యానాం పద్ధతిలో చేశాను, మూత తీసి చూపించాను. తలూపి నేరుగా బల్ల కిందికి వెళ్ళాడు. నేను పక్కన మోకాళ్ళ మీద కూర్చుని టార్చి పట్టుకున్నాను. కిందటి దీపావళికి ఇదంతా కొన్న రోజున కూడా నేనే పట్టుకున్నాను.

నీలం వైరు కింద పడి ఉంది. పడినట్టు కాదు, చక్కగా చుట్టి పెట్టి ఉంది. నాకు అలా చుట్టి పెట్టడం అలవాటు. ఆయన దాన్ని చూశాడు, బయటికి వచ్చి కంప్యూటర్‌లో సెట్టింగ్స్ తెరిచాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి.

"ఎన్నాళ్ళుగా ఇట్ల?"

"పోయిన నెల ఇరవయ్యో తారీకు నుంచి."

తిడతాడనుకున్నాను. నవ్వుతాడనీ అనుకున్నాను. ఆయన నేల మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"నాకు తెల్సు సుష్మీ. చవితి దినమే తెల్సింది. వైరు పొడవు నువ్వు నిమిషంలో కొలిచి చెప్తివి. అది కంప్యూటర్ వెనక తగిలించి ఉంటే అట్ల కొలిచేదానికి కాదు."

మరి ఎందుకు మాట్లాడారు అని అడిగాను. తెలిసీ, ప్రతి ఆదివారం, గంటలు గంటలు.

"నీకు చెప్పాల్సింది ఒగటి ఉండాది. ప్రతిసారీ ఈ పొద్దు చెప్పేస్తా అనుకుంటా. నువ్వు స్పీకరు అంటావు. నాకు ప్రాణం లేచొచ్చినట్టు ఉంటాది, ఇంకో వారం చెప్పే పన్లేదని."

అప్పుడు చెప్పాడు. సుగంధి. కాలేజీ ల్యాబ్‌లో ఆయనతో పనిచేసిన సుగంధి. ఆమె ఏప్రిల్‌లో చెన్నై ఉద్యోగానికి వెళ్ళింది, ఈయన జూన్‌లో వెళ్ళాడు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు. రెండేళ్ళుగా ఇష్టమట.

రెండేళ్ళంటే ఈ స్పీకర్లు కొనక ముందు నుంచే. నాకు అదే ముందు తట్టింది. దీపావళి మర్నాడు ల్యాబ్ వాళ్ళందరినీ భోజనానికి పిలిచాం. సుగంధి కూడా వచ్చింది. సోఫాలో మధ్యన కూర్చుంటే ఐదు వైపుల నుంచీ సమంగా వినబడుతుందని నేనే ఆమెని చెయ్యి పట్టుకుని అక్కడ కూర్చోబెట్టాను.

దీపావళి నుంచి జూన్ దాకా ప్రతి సాయంత్రం మేమిద్దరం సినిమా చూశాం. ఆ నెలలే నా పెళ్ళిలో మంచి నెలలని అనుకుంటూ ఉన్నాను. ఆ మాటే ఆయనతో అన్నాను. మరి అప్పుడు ఇదంతా ఎందుకు కొన్నారు అన్నాను.

ఆయన చెప్పకుండా ఉండాల్సింది. కానీ ఈ రోజు అన్నీ చెప్పేయాలని వచ్చాడు.

"సినిమా పెడితే మాట్లాడే పన్లేదు కదా."

నేను టార్చి ఇంకా ఆర్పలేదని అప్పుడు చూశాను.

వకీలుని అడిగాడట. ఒక ఏడాది విడిగా ఉండి, తర్వాత ఇద్దరూ కలిసి అడిగితే కోర్టు ఒప్పుకుంటుందట. నేను ఒప్పుకుంటే వచ్చే జూన్‌లో. నా మీద కోపం ఏమీ లేదని, నాలో తప్పేమీ లేదని రెండు మూడుసార్లు చెప్పాడు. ఏదైనా తప్పుంటే చెబితే బాగుండేది, సరిచేసుకునేదాన్ని. అది కూడా పైకి అన్నాను.

తిని వెళ్ళమన్నాను. తిన్నాడు. నేను వడ్డించాను. ముళ్ళు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాడు. వెళ్ళేముందు బల్ల కిందికి వెళ్ళి నీలం వైరు తగిలించి, పరీక్ష బటన్ నొక్కాడు. ఆ శబ్దం గది చుట్టూ తిరుగుతుంటే మేం చెరో పక్క నిలబడ్డాం. "అన్నీ వస్తా ఉండాయి" అన్నాడు. ఒప్పుకుంటానని గానీ ఒప్పుకోనని గానీ నేను చెప్పలేదు. మూడున్నర బస్సుకి వెళ్ళిపోయాడు.

సెప్టెంబరు 17. ఆదివారం

ఫోన్ మోగలేదు.

సెప్టెంబరు 20. బుధవారం

ఈ పుస్తకం మొదటి నుంచి చదివాను. నలభై నిమిషాలు. గంటా పది నిమిషాలు. ముప్పై ఐదు. యాభై. పరీక్షలో మార్కుల్లా రాసుకున్నాను. ఆయన నోటికి తాళం వేసుకుని కూర్చున్న నిమిషాలు అవన్నీ.

ఏడేళ్ళ కింద యానాం నుంచి ట్రాన్స్‌ఫర్ మీద వచ్చినప్పుడు, లాస్‌పేట బస్టాప్‌లో నాకు తమిళం రాక తికమక పడుతుంటే తెలుగులో దారి చెప్పింది ఆయన. "యాడికి పోవాల?" అన్నాడు. ఆ ఒక్క మాటకి నాకు ఏడుపొచ్చింది, ఊరు కాని ఊళ్ళో మన భాష వినబడిందని. ఆ మనిషి ఎవరు? ఆయన కూడా అబద్ధమేనా? కాదు. అది అబద్ధం కాదు గనకే ఇంత నొప్పి. పూర్తిగా అబద్ధమైతే ఈపాటికి తిట్టి, తుడిచేసుకుని పడుకునేదాన్ని.

సెలవు పెట్టాను. జ్వరమని రాశాను.

సెప్టెంబరు 24. ఆదివారం

అత్త వచ్చింది. తలుపు తీయగానే నన్ను చూసి సంచి కింద పెట్టేసింది. చెప్పాను. మొత్తం చెప్పాను, నీలం వైరుతో సహా. సిగ్గుపడ్డాను గానీ చెప్పాను. చెప్పేటప్పుడు అది దొంగతనంలా వినబడింది నాకే.

వాడు వచ్చిన దినం నా దగ్గరికి కూడా రాలేదు అంది అత్త. తర్వాత అంది:

"వాణ్ణి నేను కంటి. వాడు చెడ్డోడు అని చెప్పేదానికి నాకు నోరు రాదు. కానీ నీదే తప్పని ఎవురన్నా అంటే ఊరుకోను."

రాత్రికి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. నా పక్కన చాప వేసుకుంది.

అక్టోబరు 2. సోమవారం, సెలవు

నిన్నటి నుంచి పాండిచ్చేరి అధికారికంగా పుదుచ్చేరి అయింది. రేపటి నుంచి ఆఫీసులో పాత కాగితాలన్నిటి మీద పేరు కొట్టేసి రాయాలి, కొత్త రబ్బరు స్టాంపులు వచ్చే దాకా. మణియమ్మ గారు ఫోన్ చేసి చెప్పారు. మీవారి ప్రాజెక్టు అయిపోయిందా అని అడిగారు. ప్రాజెక్టు కాదండీ, ఆయన నాతో ఉండరు ఇక అన్నాను. రేపు నీకు అన్నం నేను తెస్తాను అన్నారు.

అమ్మకి చెప్పడానికి ఇంకా రెండు రోజులు కావాలి.

అక్టోబరు 8. ఆదివారం

అత్త వంట చేస్తుంటే పదకొండుకి ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు.

"నేను ఒప్పుకుంటున్నాను. జూన్‌లో కోర్టుకి వస్తాను" అన్నాను. రాత్రంతా అనుకున్న మాటలు చాలా ఉన్నాయి, ఈ రెండే వచ్చాయి.

"సరి" అన్నాడు. మళ్ళీ తనే అన్నాడు: "సుష్మీ, ఆ సెంటర్ స్పీకరు సౌండ్ చాలకపోతే, ఆంప్లిఫయర్‌లో ఒక…"

"రఘూ, స్పీకర్ల గురించి వద్దు."

పెళ్ళయ్యాక ఆయన్ని పేరు పెట్టి పిలవడం ఇదే మొదలు. ఆయన ఊపిరి వినబడుతోంది. అటు వెనక కుక్కర్ విజిల్ వేసింది, ఇటు అత్త పోపు వేసింది. నేను ఏదో ఒకటి అడిగి ఆయన్ని ఆదుకుంటానని ఆగినట్టున్నాడు. నేను అడగలేదు. అప్పుడు ఏడ్చాడు. ఏడేళ్ళలో ఆయన ఏడవగా నేను వినలేదు. ఆపమని అనలేదు, పరవాలేదని అనలేదు. విన్నాను. ఆయనకి ఎలా ఆపాలో తెలియడం లేదు, ఫోన్ పెట్టేయడానికీ చేతులు రావడం లేదు.

నేనే పెట్టేశాను.

అత్త అన్నానికి పిలిచింది. నా కళ్ళు చూసి కూడా ఏమీ అడగలేదు. వెళ్ళి కూర్చున్నాను. మూడు వారాల తర్వాత ఆకలి వేసింది. తింటూ ఏడ్చాను, ఏడుస్తూనే రెండోసారి పెట్టించుకున్నాను.